ఆమ్లమును నీటిలో కలుపు లెక్క
(మామిడి తోటలలో డ్రిప్పు గొట్టముల శుద్ధికి)



సంక్రాంతి వెళ్ళి, పూత రాలి, బఠాణీ గింజంత పిందె కనబడు వేళకు మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతములలోని మామిడి తోటలకు నీటి అవసరము మొదలగును. పూతకు ముందు, అక్టోబరు, నవంబరు నెలలలో నీరు కట్టక చెట్టును కొంత ఎండగట్టుట మనవారు ఎరిగిన పద్ధతియే. పిందె నిలచిన తరువాత ఆ పద్ధతి చెల్లదు. అప్పుడు నీరు చాలనిచో పిందె రాలును. నిలచిన కాయయు తగిన సైజునకు రాదు. సరిగా ఆ సమయముననే, నెలల తరబడి పని లేక ఎండలో పడియున్న డ్రిప్పు గొట్టములు మొరాయించును. మోటారు తిరుగుచుండును, మొదటి వరుసలలో నీరు పడుచుండును, చివరి వరుసలలోని బంగినపల్లి చెట్ల క్రింద నేల పొడిగా ఉండును. డ్రిప్పరు ఊడదీసి చూచినచో నోటివద్ద తెల్లని పెంకు కనబడును.

ఆ పెంకును కరిగించుటకు ఆమ్లము వాడవలెనని డ్రిప్పు అమ్మువారును, ఉద్యాన శాఖవారును చెప్పుదురు. 2003వ సంవత్సరములో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకము ప్రారంభమైన నాటినుండి ఈ మాట రైతుల చెవిని పడుచునే యున్నది. కాని ఎంత ఆమ్లము? దానిని ఎంత నీటిలో కలుపవలెను? ఈ ప్రశ్నకు అంగడిలో ఒక సమాధానము, ప్రక్క తోటలో ఒక సమాధానము దొరకును. "ఎకరమునకు లీటరు" అని నీటిని చూడకుండ చెప్పు లెక్కను నమ్మవలదని మా అభిప్రాయము. ప్రయోగశాలలో విద్యార్థులు నేర్చు చిన్న లెక్క ఒకటి తెలిసినచో ఎవరి నీటికి తగిన మోతాదును వారే తేల్చుకొనవచ్చును. ఆ లెక్కను ఇచ్చట విశదముగా వ్రాయుచున్నాము.

తండ్రి లెక్క, కొడుకు లెక్క

మైలవరమునకు సమీపమున ఒక రైతుకు 5 ఎకరముల తోట కలదు. ఆయన కుమారుడు కళాశాలలో చదువుచున్నాడు. గొట్టముల చివర నీటి పి.హెచ్. 4 వరకు దిగవలెనని ఎవరో చెప్పగా, ఆ కుఱ్ఱవాడు కాగితము తీసికొని లెక్క కట్టెను. పి.హెచ్. 4 అనగా లీటరు నీటిలో ఆమ్లపు పాలు కేవలము 0.1 మిల్లీతుల్యము. అంగడి ఆమ్లములో ప్రతి మిల్లీలీటరునందు సుమారు 10 మిల్లీతుల్యములు ఉండును. కావున లీటరు నీటికి 0.01 మిల్లీలీటరు, వెయ్యి లీటర్లకు 10 మిల్లీలీటర్లు చాలును. తండ్రి అట్లే కలిపెను. పెంకు కదలలేదు. చివరి డ్రిప్పరు వద్ద పట్టిన నీటిలో కాగితము ముంచగా రంగు ఏమియు మారలేదు. ఆయనకు విసుగు వచ్చి మరునాడు డబ్బాలోని 5 లీటర్లను ఒక్కసారిగా పంపెను. ఫిల్టరులోని ఇనుప భాగములు తినివేయబడెను. అంతటితో పోక, ఖాళీ అయినదనుకొన్న డబ్బాను కడుగుటకు కూలివాడు అందులో నీరు పోయగా, అడుగున మిగిలిన ఆమ్లము చిమ్మి అతని ముంజేయి కాలెను.

కుఱ్ఱవాని గణితములో తప్పు లేదు. అతడు లెక్కించినది బట్టీపట్టిన నీటికి. మన బోరు నీరు అట్టిది కాదు. ఎచ్చటి నుండి ఎచ్చటికి పోయినది మిగిలిన ఆమ్లము? దీనిని తెలిసికొనుటయే ఈ వ్యాసములో ముఖ్యమైన సంగతి. కాని ముందుగా మొదటి మెట్టునుండి రావలెను.

పాలును నీరును

పాలలో నీరు కలిపినచో పాలు పలుచబడును గాని, ఉన్న వెన్న ఎచ్చటికిని పోదు. ఆమ్లములోను అంతే. నీరు ఎంత పోసినను అందున్న ఆమ్లపు పదార్థము పెరుగదు, తరుగదు, విస్తరించి పలుచనగును. కావున, కలుపుటకు ముందు గాఢతను ముందున్న పరిమాణముతో గుణించిన ఎంత వచ్చునో, కలిపిన తరువాతి గాఢతను తరువాతి పరిమాణముతో గుణించినను అంతే రావలెను. విలీనపు లెక్కలన్నియు ఈ ఒక్క వాక్యములోనివే.

ఉదాహరణము: 10 నార్మల్ ఆమ్లము ఒక లీటరు ఉన్నది. 1 నార్మల్ ద్రావణము కావలెను. పది ఒకట్లు పది. తరువాత కూడ పది రావలెనన్నచో ద్రావణము 10 లీటర్లు కావలెను. ఇచ్చట జాగ్రత్తగా గమనింపుడు. పది లీటర్లు అనగా మొత్తము పది లీటర్లు. పది లీటర్ల నీరు కాదు. ఒక లీటరు ఆమ్లము పోను నీరు సుమారు 9 లీటర్లు.

సీసాలపై "1:10" అని వ్రాసిన చోటులందు ఈ చిక్కు తరచు వచ్చును. ఒకరు దానిని పదింట ఒక పాలు అని చదువుదురు, మరియొకరు ఒక పాలునకు పది పాళ్ళ నీరు అని చదువుదురు. ఈ రెండింటికిని గాఢతలో నూటికి తొమ్మిది వంతుల భేదము. అది స్వల్పము. కాని "1:1" వంటి చోట మొదటి అర్థములో నీరే ఉండదు, రెండవ అర్థములో ద్రావణము సగమునకు పలుచబడును. అందుచే ప్రయోగశాలలలో "ఒకటికి తొమ్మిది కలిపినది" అని స్పష్టముగా వ్రాయుట మంచి అలవాటు. మీరును డబ్బాపై అట్లే వ్రాసి పెట్టుడు.

డబ్బాపై శాతము

అంగడిలో దొరకు ఉదహరికామ్లము (హైడ్రోక్లోరిక్ ఆమ్లము) సాధారణముగా నూటికి 30 నుండి 33 పాళ్ళు. ప్రయోగశాలకు వచ్చు శుద్ధమైన రకము నూటికి 35 నుండి 37 పాళ్ళు. ఈ శాతము తూకము మీదిది. అనగా 100 గ్రాముల ద్రవములో 32 గ్రాముల ఆమ్లము అని అర్థము. 100 మిల్లీలీటర్లలో కాదు. ఆమ్లము నీటికంటె బరువైనది గనుక ఈ రెండును ఒకటి కావు.

32 శాతపు ఆమ్లము లీటరు తూకము సుమారు 1160 గ్రాములు. అందులో నూటికి 32 వంతున 371 గ్రాముల ఆమ్లము. ఉదహరికామ్లపు తుల్యభారము 36.5 గనుక 371ని 36.5 చేత భాగించిన 10.2 వచ్చును. అనగా ఈ ద్రవము 10.2 నార్మల్. ఇట్లే 37 శాతపు రకము (లీటరుకు 1190 గ్రాములు) సుమారు 12 నార్మల్ అగును. గంధకికామ్లము 98 శాతము, లీటరుకు 1840 గ్రాములు. దాని తుల్యభారము 49 కనుక అది సుమారు 36 నార్మల్. దీనినిబట్టి గంధకికామ్లము చిన్న పరిమాణములో ఎంత తీవ్రమైనదో ఊహింపవచ్చును.

శాతములో లెక్క కట్టువారు చేయు పొరపాటు మరొకటి కలదు. 32 శాతమును 10 శాతమునకు తేవలెను. 32ను 10 చేత భాగించిన 3.2, కావున ఒక లీటరు ఆమ్లమునకు 2.2 లీటర్ల నీరు అని అందురు. ఒక కిలో ఆమ్లమునకైనచో 2.2 కిలోల నీరు సరియే. ఒక లీటరునకైనచో దాని తూకము 1.16 కిలోలు, 3.2 రెట్లు చేసిన 3.71 కిలోలు, ఆమ్లము పోగా నీరు 2.55 లీటర్లు కావలెను. డ్రిప్పు పనికి ఈ తేడా ప్రాణాంతకము కాదు. కాని లెక్కలో తూకమును, కొలతను కలగాపులగము చేయు అలవాటు మాత్రము మంచిది కాదు. పురుగుమందులవద్దను ఇట్టి పొరపాటే జరుగుచుండును.

స్నానపుగదులు కడుగుటకు అమ్ము రంగు సీసాలలోని ద్రవము దీనికి పనికిరాదు. అందలి ఆమ్లము పలుచనిది, పైగా సబ్బు వంటి ఇతర పదార్థములు చేర్చబడి యుండును.

బోరు నీరు ఆమ్లమును మ్రింగు విధము

మన ప్రాంతపు బోరు నీటిలో సున్నపు సంబంధమైన బైకార్బొనేటు కరిగి యుండును. భూమి లోపల బొగ్గుపులుసు వాయువు పట్టియున్నంతవరకు అది నీటిలోనే నిలుచును. పైకి వచ్చి వేడి తగిలి, వాయువు ఎగిరిపోయినంతనే సున్నపురాయి రూపమున పేరుకొనును. ఇంటిలో నీళ్ళ కాగు అడుగున పొరలు పొరలుగా కట్టు తెల్లని గార అదియే. డ్రిప్పరు నోటివద్ద బొట్టు ఆరిన ప్రతిసారి అణువంత పెంకు నిలుచును.

ఈ బైకార్బొనేటుయే ఆమ్లమునకు మొదటి గ్రాహకుడు. మీరు పోసిన ఆమ్లమంతయు ముందు దానితో కలిసి ఖర్చగును. అది తీరినంతవరకు పి.హెచ్. కొద్ది కొద్దిగా మాత్రమే దిగును. 6 దాపున చాలసేపు కదలక నిలచినట్లుండును. తీరిన పిమ్మట 4.5 దాటి ఒక్కసారిగా జారును. మన కుఱ్ఱవాడు లెక్కింపనిది ఈ ఖర్చునే.

నీటి పరీక్షా కేంద్రమువారు ఇచ్చు కాగితములో "క్షారత్వము" అను అంకె ఉండును. దానిని సున్నపురాయి లెక్కన లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని వ్రాయుదురు. ఆ అంకెను 50 చేత భాగించిన లీటరుకు మిల్లీతుల్యములు వచ్చును. క్షారత్వము 400 అనుకొనుడు. 8 మిల్లీతుల్యములు. పి.హెచ్. 4కు కావలసిన 0.1 దానికి చేర్చిన 8.1. ఈ మొత్తమును 10.2 చేత భాగించిన లీటరు నీటికి 0.8 మిల్లీలీటరు ఆమ్లము, అనగా వెయ్యి లీటర్లకు 800 మిల్లీలీటర్లు. కుఱ్ఱవాని లెక్క 10 మిల్లీలీటర్లు. ఎనుబది రెట్లు! క్షారత్వము 200 ఉన్న నీటికి ఇందులో సగము సరిపోవును. ప్రక్క తోట మోతాదు మనకు పనికిరాకపోవుటకు కారణము ఇదియే.

పరీక్షా కాగితము లేనివారు చేయవలసినది

ఇది ఇంటివద్ద అరగంటలో చేయదగిన పరీక్ష. లెక్కలు కట్టుటయందు ఆసక్తి లేనివారికిని ఇది మేలు. ఆమ్లపు డబ్బాపై శాతము చెరిగిపోయినను, అంగడివాడు చెప్పిన శాతము అబద్ధమైనను ఈ పరీక్ష చెడదు.

కావలసినవి: ఒక లీటరు కొలత గ్లాసు, సూది లేని 10 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజి, పి.హెచ్. కాగితముల చిన్న పుస్తకము, గాజు లేక ప్లాస్టిక్ గిన్నెలు రెండు, కఱ్ఱ గరిటె.

మొదట పదో వంతు ఆమ్లము చేసికొనవలెను. 90 మిల్లీలీటర్ల నీరు గిన్నెలో పోసి, దానిలో 10 మిల్లీలీటర్ల ఆమ్లమును నెమ్మదిగా విడువుడు. నీటిలోనికి ఆమ్లము, ఆమ్లములోనికి నీరు కాదు. పరీక్షలకు వాడు ఈ నీరు మంచినీటి సీసా నీరైనచో మేలు; వాననీరైనను సరే. బోరు నీటినే వాడినచో అందలి క్షారత్వము కొంత ఆమ్లమును తినును, కాని అది నూటికి ఒక పాలునకు మించదు గనుక పట్టింపు లేదు.

పిదప మోటారు వేసి పది నిముషములు నీరు పోనిచ్చి, తాజా బోరు నీరు సరిగా ఒక లీటరు పట్టుడు. సిరంజితో పదో వంతు ఆమ్లమును ఒక్కొక్క మిల్లీలీటరు వంతున వేయుచు, గరిటెతో కలుపుచు, కాగితము ముంచి చూడుడు. మొదట నాలుగైదు మిల్లీలీటర్ల వరకు రంగు అంతగా మారదు. మారలేదని తొందరపడి ఒక్కసారి పోయవలదు. నీటిలో చిన్న చిన్న బుడగలు లేచుట కనబడవచ్చును. బొగ్గుపులుసు వాయువు వెడలుచున్నదన్న మాట. రంగు 5 వైపు మొగ్గిన పిమ్మట అర మిల్లీలీటరు వంతున వేయుడు. కాగితము 4 రంగు చూపినప్పుడు ఆపి, మొత్తము ఎంత వేసినది వ్రాసికొనుడు.

8 మిల్లీలీటర్లు పట్టినదనుకొనుడు. అది పదో వంతు ఆమ్లము గనుక అసలు ఆమ్లము 0.8 మిల్లీలీటరు. లీటరుకు 0.8 మిల్లీలీటరు అనగా వెయ్యి లీటర్లకు 0.8 లీటరు. కావున సూత్రము ఇంతే: సిరంజి అంకెను పది చేత భాగించినచో వెయ్యి లీటర్ల నీటికి ఎన్ని లీటర్ల ఆమ్లమో వచ్చును. ఏ డబ్బాలోని ఆమ్లముతో పరీక్ష చేసితిరో ఆ డబ్బానే తోటకు వాడవలెను. డబ్బా మారినచో పరీక్ష మరల చేయవలెను. ఎండకాలములో బోరు నీరు క్రిందికి పోయిన పిమ్మట క్షారత్వము మారవచ్చును గనుక ప్రతి సంవత్సరము ఒకసారి చూచుకొనుట మంచిది.

కాగితము చూపు రంగు నీడపట్టున చూడవలెను. 4కు, 5కు మధ్య రంగు భేదమును గుర్తింపలేనివారు ఇంటిలోని పిల్లలచే చూపించుకొనవచ్చును. వారి కన్ను మనకంటె నిశితమైనది. ఆమ్లపు డబ్బావద్దకు మాత్రము పిల్లలను రానీయరాదు.

తోటకు లెక్క

పై రైతు 5 ఎకరముల తోటనే తీసికొందము. 10 మీటర్ల ఎడముతో ఎకరమునకు 40 చెట్లు, మొత్తము 200. చెట్టుకు గంటకు 8 లీటర్లిచ్చు డ్రిప్పరులు నాలుగు. గంటకు 32 లీటర్లు, తోటకు 6400 లీటర్లు. అరగంట పాటు ఆమ్లము పంపవలెనన్నచో పోవు నీరు 3200 లీటర్లు. వెయ్యికి 0.8 వంతున ఆమ్లము 2.56 లీటర్లు. మొన్న ఆయన పంపిన 5 లీటర్లతో పోల్చి చూడుడు. ఫిల్టరును తినివేసినది ఈ హెచ్చు ఆమ్లము ఒక్కసారిగా పోవుటయే.

ఇచ్చట ఒక సూక్ష్మము. 6400 లీటర్లనునది డ్రిప్పరులన్నియు సరిగా పారినప్పటి మాట. సగము మూసికొనియున్న తోటలో నీరు అంత పోదు. కాగితముపై లెక్క చేసినంత ఆమ్లమును పంపినచో నీటిలో గాఢత రెట్టింపు అగును. కావున వీలైనచో మోటారు వద్ద నీటి మీటరు చూచి, లేనిచో పది చెట్ల వద్ద పాత్రలు పెట్టి పావుగంటలో పడిన నీటిని కొలిచి, అసలు ప్రవాహమును కట్టుకొనవలెను.

తరువాత వెంచురి. అది గంటకు ఎంత ద్రవమును పీల్చునో ముందుగా నీటితోనే కొలుచుకొనవలెను. సంస్థవారు చెప్పిన అంకెను అట్లే గ్రహింపరాదు. మోటారు ఒత్తిడి మారినచో పీల్పు మారును. బకెట్టులో కొలిచిన నీరు పెట్టి గడియారము చూచినచో చాలును. గంటకు 40 లీటర్లు పీల్చుచున్నదనుకొనుడు. అరగంటకు 20 లీటర్లు. అనగా 2.56 లీటర్ల ఆమ్లమును 20 లీటర్ల ద్రావణముగ చేయవలెను.

ప్లాస్టిక్ పీపాలో 20 లీటర్ల వద్ద గీత పెట్టుకొనుడు. అందులో మొదట 15 లీటర్ల నీరు పోయుడు. తరువాత ఆమ్లమును కొలిచి, పీపా అంచు వెంబడి సన్నని ధారగా వదలుడు. కఱ్ఱతో కలిపి, గీత వరకు నీరు నింపుడు. "ఆమ్లములో నీరు పోయరాదంటిరి కదా, చివర నీరు పోయుట ఎట్లు?" అని కొందరు అడిగిరి. అప్పటికి ఆమ్లము పలుచబడినది. పుట్టవలసిన వేడి చాలవరకు పుట్టి పోయినది. గాఢమైన ఆమ్లముపై మొదటి నీరు పడుటలోనే ప్రమాదము. ఆ మొదటి నీరు పడినచోటనే ఉడికి, పైనున్న ఆమ్లమును వెంటబెట్టుకొని చిమ్మును. ఈ గుణము గంధకికామ్లములో మిక్కిలి తీవ్రము. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ వ్యాసకర్త పరీక్షనాళికలోని గంధకికామ్లములో నీటిబొట్లు వేసి, చొక్కా ముందు భాగమంతయు జల్లెడ చేసికొనినాడు. కళ్ళజోడు ఉండుటచే కన్నులు దక్కినవి.

చేయు రోజు

ముందుగా ఫిల్టరు కడిగి, గొట్టముల చివరి మూతలు విప్పి, మట్టి పోవువరకు నీరు పంపవలెను. మట్టిని ఆమ్లము కరిగింపదు. ముందే తీసివేయనిచో కరిగిన పెంకుతో కలిసి మరల అడ్డుపడును. మూతలు బిగించి, ఒత్తిడి నిలకడకు వచ్చిన పిమ్మట వెంచురిని తెరువుడు.

పది నిముషముల తరువాతినుండి చివరి వరుసలోని చివరి డ్రిప్పరు వద్ద నీరు పట్టి కాగితము ముంచుచుండవలెను. తోటలో కొన్ని వందల లీటర్ల నీరు గొట్టములలోనే ఉండును గనుక ఆమ్లము చివరకు చేరుటకు కొంత వ్యవధి పట్టును. కాగితము 4 చూపినంతనే మోటారు ఆపుడు. పీపాలో ద్రావణము మిగిలినను మిగలనిండు. పీపా ఖాళీ అయినను కాగితము 6 దగ్గరనే ఉన్నచో లెక్కలో నీటి ప్రవాహమును తక్కువగా కట్టితిరని గాని, పెంకు ఎక్కువగానుండి దారిలో ఆమ్లమును తినినదని గాని గ్రహింపవలెను. పెంకు తినుట అధికమైనచో ఆశ్చర్యపడ పనిలేదు: ఒక లీటరు 32 శాతపు ఆమ్లము అరకిలో సున్నపు పెంకును కరిగించి తాను ఖర్చగును. అట్టి తోటలో వారము విడిచి రెండవసారి చేయవలసి యుండును గాని, ఒకేసారి గాఢత పెంచరాదు.

ఆపిన పిమ్మట 24 గంటలు అట్లే ఉంచి, మరునాడు మూతలన్నియు విప్పి తెల్లని నీరు పోయి తేట వచ్చువరకు కడుగవలెను. పూర్తిగా మూసికొనిపోయిన డ్రిప్పరులలోనికి ఆమ్లము ప్రవేశింపనే ప్రవేశింపదు. వాటిని ఊడదీసి ప్లాస్టిక్ గిన్నెలో పదో వంతు ఆమ్లములో నానబెట్టి, బుడగలు ఆగిన తరువాత మంచినీట కడిగి బిగించుకొనుడు. మరల నురుగు లేచినచో ఇంకను పెంకు మిగిలినదని తెలియును.

ఈ పనిని పూతకు ముందు నీరు ఆపు సమయములోనే చేసి, గొట్టములను శుభ్రముగా కడిగి ఉంచుకొన్నవారికి ఫిబ్రవరిలో తొందర ఉండదు. అది దాటినవారు పిందె బఠాణీ గింజంత అగునప్పటికైనను ముగించుకొనవలెను.

కొన్ని హెచ్చరికలు

ఆమ్లమును పోసిన పీపాలో గాని, గొట్టములో గాని బ్లీచింగు పొడి కలిసినచో క్లోరిను వాయువు పుట్టును. నాచు పోవుటకు బ్లీచింగు పొడి వాడువారు చాలమంది ఉన్నారు. రెండు పనులును ఒకే దినమున చేయరాదు. ఒకటి చేసి గొట్టములు, పీపా పూర్తిగా కడిగిన పిమ్మట, కనీసము మరునాడు గాని రెండవది చేయరాదు. ఇది ఈ వ్యాసములోని అన్ని లెక్కలకంటె ముఖ్యమైనది.

ఇనుప ఎరువుల ట్యాంకులో ఆమ్లము పోయరాదు. ఎరువుతో కలిపి పంపరాదు. భాస్వరికామ్లమును కొందరు ఎరువుగను, శుద్ధిగను పనికివచ్చునని వాడుచున్నారు. సున్నము ఎక్కువగానున్న నీటిలో పి.హెచ్. చాలినంత దిగనిచో అది కాల్షియం ఫాస్ఫేటుగా మారి క్రొత్త పెంకును కట్టును. దానికంటె ఉదహరికామ్లమే మన పనికి సులభము.

రబ్బరు చేతితొడుగులు, కళ్ళజోడు, పూర్తి చేతుల చొక్కా, కాళ్ళకు చెప్పులు కాక బూట్లు వేసికొనవలెను. గాలికి వెన్ను ఇచ్చి నిలువవలెను, ఆవిరి గొంతును మండించును. ప్రక్కన రెండు బకెట్ల మంచినీరు ముందే సిద్ధముగా ఉంచుకొనుడు. ఒంటిపై పడినచో వెంటనే నీరు ధారగా పోయుచు పావుగంటకు తగ్గకుండ కడుగవలెను. కన్నులలో పడినచో రెప్పలు విప్పి అట్లే కడిగి, ఆలస్యము చేయక వైద్యునివద్దకు తీసికొని పోవలెను. ఒంటిపై సున్నము గాని సోడా గాని రుద్దరాదు. నేలమీద ఒలికినదానిపై మాత్రము సున్నము లేక వంట సోడా చల్లి, నురుగు తగ్గిన పిదప నీటితో కడుగవచ్చును.

2013వ సంవత్సరములో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల ననుసరించి ఆమ్లము చిల్లరగా అమ్మువారు కొనువారి గుర్తింపు పత్రము చూచి పుస్తకములో వ్రాసికొనవలెను. 18 సంవత్సరములు నిండనివారికి అమ్మరాదు. కావున అంగడికి పిల్లలను పంపవలదు, గుర్తింపు కాగితము వెంట తీసికొని పోవుడు. పని పూర్తియైన తరువాత మిగిలిన ఆమ్లమును త్రాగునీటి సీసాలలో పోయుట మిక్కిలి ప్రమాదకరము. దాని డబ్బాలోనే, పేరు వ్రాసి, తాళము వేసిన చోట ఉంచవలెను. ఖాళీ డబ్బాను కడుగుటకు నీరు చాలవలెనన్నచో, ముందుగా అడుగున మిగిలిన బొట్లను నిండు బకెట్టు నీటిలో ఒలకబోసి, తరువాతనే డబ్బాను నీట ముంచుడు.